‘బాగుంది’ వేరు, ‘నచ్చింది’ వేరు: పారసైట్ కొందరికి ఎందుకు రుచించలేదు?

2020 ఏప్రిల్‌లో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజుల్లో, దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి ఒక ఇంటర్వ్యూలో కొరియన్ చిత్రం పారసైట్ (అంటే పరాన్నజీవి) తనకు విసుగనిపించిందనీ, సగంలో నిద్రపోయాననీ చెప్పారు. అంతకు రెండు నెలల కిందటే, ఫిబ్రవరి 9న, ఆ చిత్రం ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్లు గెలుచుకుంది. ఇంగ్లీషు కాని భాషలో తీసిన చిత్రానికి ఉత్తమ చిత్రం బహుమతి రావడం అదే మొదలు. దాంతో రాజమౌళి మాట మీద సోషల్ మీడియాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ప్రపంచం మెచ్చిన చిత్రం ఇంత పెద్ద దర్శకుడికి అర్థం కాలేదా అని ఒక పక్షం ఆశ్చర్యపోయింది. మనసులో మాట ఆయన ఒక్కరే ధైర్యంగా చెప్పారనీ, మిగిలినవాళ్లు నచ్చినట్టు నటిస్తున్నారనీ రెండో పక్షం వాదించింది.

పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు పక్షాలూ నిజానికి ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. చిత్రం గొప్పదైతే చూసినవారికి నచ్చి తీరాలనీ, నచ్చకపోతే తప్పు చిత్రానిదో చూసినవారిదో అయి ఉండాలనీ ఆ నమ్మకం. అది ఎంతవరకు నిలుస్తుందో పారసైట్ ఆధారంగానే పరిశీలించవచ్చు, ఎందుకంటే నేరం, హాస్యం, విషాదం కలగలిసిన చిత్రాల్లో ఇంత విస్తృతంగా ప్రశంసలు అందుకున్నవి అరుదు. అదే సమయంలో ‘నాకు ఎక్కలేదు’ అన్న మాట ఇంతగా వినిపించినవీ అరుదే. కథలోని మలుపులన్నీ ఈ వ్యాసంలో ప్రస్తావనకు వస్తాయి కనుక, చిత్రం ఇంకా చూడనివారు ఆ సంగతి గుర్తుంచుకుని ముందుకు సాగాలి.

కథ క్లుప్తంగా

సోల్ నగరంలో సగం నేలలోకి దిగిన ఇంట్లో కిమ్ కుటుంబం నివసిస్తుంది. తండ్రి కి-టేక్, తల్లి చుంగ్-సూక్, కొడుకు కి-వూ, కూతురు కి-జంగ్. నలుగురికీ పని లేదు, పిజ్జా డబ్బాలు మడిచి నాలుగు రాళ్లు సంపాదిస్తుంటారు. ఒక స్నేహితుడి సిఫారసుతో, ఫోర్జరీ చేసిన ధ్రువపత్రంతో కి-వూ ధనికులైన పార్క్ కుటుంబంలో ట్యూషన్ మాస్టారుగా చేరతాడు. తర్వాత చెల్లెలు చిత్రకళ టీచరుగా, తండ్రి కారు డ్రైవరుగా, తల్లి ఇంటి పనులు చూసే మనిషిగా, ఒకరికొకరు ఏమీ కానట్టు నటిస్తూ అదే ఇంట్లోకి ప్రవేశిస్తారు. ఈ క్రమంలో పాత డ్రైవరునీ, మూన్-గ్వాంగ్ అనే పాత పనావిడనీ పన్నాగంతో బయటికి పంపిస్తారు. యజమానులు ఊళ్లో లేని ఒక వానరాత్రి మూన్-గ్వాంగ్ తిరిగి వచ్చి గంట మోగిస్తుంది. ఆ ఇంటి అడుగున యజమానులకే తెలియని రహస్య గది ఉందనీ, అందులో ఆమె భర్త నాలుగేళ్లకు పైగా దాక్కుని బతుకుతున్నాడనీ అప్పుడు బయటపడుతుంది. అక్కడి నుంచి కథ నవ్వును వదిలి నెత్తుటి వైపు నడుస్తుంది. ఎండ కాస్తున్న పచ్చికలో, పిల్లవాడి పుట్టినరోజు వేడుకలో, హత్యలతో పతాక స్థాయికి చేరుతుంది.

దర్శకుడు బాంగ్ జూన్-హో దీన్ని విదూషకులు లేని హాస్యమనీ, దుర్మార్గులు లేని విషాదమనీ వర్ణించారు. నచ్చినవారూ నచ్చనివారూ చివరికి ఈ రెండు ‘లేని’ల దగ్గరే విడిపోతారని నాకు అనిపిస్తుంది.

క్రైమ్ కామెడీ, డార్క్ కామెడీ ఒకటేనా?

గత పదిహేనేళ్లలో తెలుగు పోస్టర్ల మీద కూడా ‘క్రైమ్ కామెడీ’ అనే మాట మామూలైపోయింది. చేతగాని దొంగలు, తారుమారైన సంచులు, బెడిసికొట్టిన కిడ్నాపు దాని ముడిసరుకు. అక్కడ నేరం ఒక ఆట. ఎవరో ఒకరు చచ్చినా ప్రేక్షకుడు ఇంటికి మోసుకుపోయే గాయం ఉండదు. డార్క్ కామెడీ పద్ధతి వేరు. అందులో నవ్వు తెప్పించే సంగతీ, బాధ పెట్టే సంగతీ ఒక్కటే. బీభత్సానికి పక్కన హాస్యం పెట్టడం కాదు, బీభత్సంలోంచే హాస్యాన్ని పిండడం దాని పని. 1940లో ఫ్రెంచ్ కవి ఆండ్రే బ్రెటన్ వెలువరించిన ఒక సంకలనంతో ‘నల్ల హాస్యం’ అనే అర్థమిచ్చే మాట ఐరోపా సాహిత్య చర్చల్లో స్థిరపడింది.

పారసైట్ మొదటి గంట క్రైమ్ కామెడీలా సాగుతుంది, మిగిలినది డార్క్ కామెడీగానూ ఆ తర్వాత శుద్ధ విషాదంగానూ మారుతుంది. ఈ మార్పు కొందరికి అద్భుతంగా తోస్తుంది, మరికొందరికి మాట తప్పినట్టు తోస్తుంది. ఇక్కడ మన థియేటరు అలవాటు ఒకటి గుర్తుకు వస్తుంది. తెలుగు ప్రేక్షకుడికి ఇంటర్వెల్ బ్యాంగ్ అనేది ఒక సంకేతం. ఇప్పటిదాకా చూసింది ఒకటి, ఇకపై చూడబోయేది మరొకటి అని అది చెబుతుంది, టీ తాగి వచ్చే పది నిమిషాల్లో మనసు కూడా సర్దుకుంటుంది. పారసైట్‌లో వానరాత్రి గంట మోగడం కచ్చితంగా అలాంటి బ్యాంగే. అయితే ఇంట్లో ఓటీటీలో ఏకధాటిగా చూసేవారికి ఆ విరామం దొరకదు, ఇక 132 నిమిషాల నిడివిలో ఆ గంట మోగకముందే నిద్రలోకి జారుకున్నవారికి ఆ మలుపే దొరకదు. సగంలో ఆపినవారి విసుగు అబద్ధం కాదు. అది మొదటి సగం గురించిన నిజాయితీ గల సాక్ష్యమే. ‘ల్యాగ్’ అనే ఫిర్యాదు కూడా ఎక్కువగా ఇక్కడిదే. ఒక్కొక్క పనివాణ్ణి బయటికి పంపి, ఒక్కొక్క కిమ్‌ను లోపలికి తెచ్చే క్రమం ఎటు పోతుందో ముందే ఊహించగలిగిన ప్రేక్షకుడికి, అది ఎంత నేర్పుగా తీసినా, సాగదీసినట్టే ఉంటుంది.

హాస్యానికి భయానకంతో పాత వైరం

ఈ అసౌకర్యం కొత్తదేమీ కాదు. పద్నాలుగో శతాబ్దానికి చెందిన విశ్వనాథుడు తన సాహిత్యదర్పణంలో ఏ రసం ఏ రసంతో పొసగదో చెబుతూ, హాస్యానికి భయానకమూ కరుణమూ విరోధులని స్పష్టంగా పేర్కొన్నాడు. కారణం ఊహించడం కష్టం కాదు. నవ్వాలంటే ఎదుటివాడి అవస్థకు కొంచెం ఎడంగా నిలబడాలి. జాలిపడాలంటే అతని దగ్గరికి జరగాలి. భయపడాలంటే అతని స్థానంలో మనల్ని ఊహించుకోవాలి. ఒకే క్షణంలో దూరంగానూ దగ్గరగానూ ఉండమంటే మనసు మొరాయిస్తుంది.

అలంకారశాస్త్రం ఈ వైరాన్ని నిషేధంగా మాత్రమే చూడలేదన్నది గమనించాలి. విరుద్ధ రసాలను కలపవలసి వచ్చినప్పుడు ఒకదాన్ని మరొకదానికి లోబరచడం, మధ్యలో వేరొక రసాన్ని నిలపడం వంటి పరిహారాలనూ ఆలంకారికులు చర్చించారు. డార్క్ కామెడీ మాత్రం ఈ పరిహారాలను కావాలనే పక్కన పెడుతుంది, ఆ ఒరిపిడే తన బలమని అనుకుంటుంది. కాబట్టి పారసైట్ చూసి ‘నవ్వాలో ఏడవాలో తెలియలేదు’ అన్నవారు చిత్రాన్ని అర్థం చేసుకోలేదని అనలేము. దర్శకుడు కోరుకున్న చోటికే వారూ చేరుకున్నారు. కాకపోతే ఆ చోట ఉండటం వారికి ఇష్టం కాలేదు.

ఒకే సన్నివేశం, ఇద్దరు ప్రేక్షకులు

మూన్-గ్వాంగ్‌ను పనిలోంచి తీయించే ఘట్టాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు పీచ్ పండు మీది నూగు పడదు. ఆ సంగతి తెలుసుకున్న కిమ్ సంతానం పండు మీది నూగు గీరి దాచి, అదను చూసి ఆమె మీద చల్లుతారు. ఆమె దగ్గుతూ ఆసుపత్రికి వెళ్తుంది. ఆమెకు క్షయ ఉందేమోనని డ్రైవరు కి-టేక్ యజమానురాలి చెవిలో వేస్తాడు, ఆ మాట ఎలా అనాలో కొడుకు ముందే ఇంట్లో రాసి, తండ్రి చేత నాటకంలా రిహార్సల్ చేయిస్తాడు. చివరికి చెత్తబుట్టలోని టిష్యూ కాగితం మీద ఎర్రటి కారపు సాస్ ఒలికించి, నెత్తురు కక్కినట్టు చూపిస్తారు. రిహార్సలూ అసలు సంఘటనా ఒకదానిలోకి ఒకటి అల్లుకుని, శాస్త్రీయ బాణీలోని తంత్రీ వాద్యాల సంగీతం మీద నృత్యంలా సాగే ఈ ఘట్టం నైపుణ్యం దృష్ట్యా చిత్రంలోకెల్లా మెరుగైనదని చాలామంది అంటారు. నేనూ కాదనను.

ఇప్పుడు మొదటి ప్రేక్షకురాలిని ఊహించండి. ఆమె ఈ ఘట్టాన్ని ఒక దొంగతనపు పథకంలా చూసి, లయకు లోనై నవ్వుతుంది. కొంతసేపటి తర్వాత అదే మూన్-గ్వాంగ్‌ను చుంగ్-సూక్ రహస్య గది మెట్ల మీది నుంచి కాలితో తన్నినప్పుడు, తల గోడకు తగిలి ఆమె చావుకు దగ్గరైనప్పుడు, తాను అంతకుముందు నవ్విన నవ్వు ఆమె గొంతులో అడ్డం పడుతుంది. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అన్న సామెత అచ్చంగా అనుభవంలోకి వస్తుంది. ఆమె దృష్టిలో చిత్రం గొప్పతనం అదే.

రెండో ప్రేక్షకుడు అసలు మొదట్లోనే నవ్వలేదు. ఏళ్ల తరబడి ఒక ఇంటిని చూసుకున్న పనిమనిషి లేని రోగం అంటగట్టబడి ఒక్క పూటలో రోడ్డున పడటం అతనికి వినోదంగా కనిపించలేదు. తన తల్లో, పిన్నో ఒకరింట్లో వంట చేసి బతికి ఉండవచ్చు, లేదా అలాంటి అనుభవం ఏమీ లేకుండానే అతని మనసు అటు మొగ్గి ఉండవచ్చు. గొంతులో అడ్డం పడటానికి అతని దగ్గర నవ్వే లేదు కాబట్టి, రెండో సగపు దెబ్బ అతన్ని తాకదు. ముందునుంచీ జరుగుతున్న క్రూరత్వం కొంచెం పెరిగినట్టు మాత్రమే ఉంటుంది.

ఈ ఇద్దరిలో రెండోవాడు తక్కువ సున్నితుడని ఎలా అనగలం? ఒక విధంగా అతనే ముందుగా స్పందించాడు. అయితే చిత్రానికి ఆ స్పృహ లేదనడమూ న్యాయం కాదు. యజమానులు లేని ఇంట్లో కిమ్ కుటుంబం మందు తాగుతూ కూర్చున్నప్పుడు, తాము పంపించేసిన డ్రైవరుకు వేరే చోట పని దొరికి ఉంటుందా అని కి-టేక్ ఆరా తీస్తాడు. ఊరివాళ్ల సంగతి ఎందుకు, మన సంగతి చూసుకుందామని కూతురు కి-జంగ్ అరుస్తుంది. అంటే రెండో ప్రేక్షకుడి ప్రశ్నను చిత్రమే అడిగి, దానికి జవాబు చెప్పకుండా నోరు నొక్కేసింది. ఆ పని కావాలనే చేసిందన్నది ఒక వ్యాఖ్యానం, సరిపోలేదన్నది మరొకటి.

ఎవరి పక్షాన నిలబడాలి?

ఇంతకన్నా తరచుగా వినిపించే మాట ‘ఏ పాత్రతోనూ కనెక్ట్ కాలేదు’ అన్నది. దుర్మార్గులు లేని విషాదంలో మంచివారూ లేరు. కిమ్‌లు మోసగాళ్లు, పార్క్‌లు మర్యాదస్థులే గానీ ఎదుటివారిని మనుషులుగా గమనించరు, రహస్య గదిలోని భర్త తన తిండికి మూలమైన ధనికుణ్ణి దేవుడిలా కొలుస్తాడు. ఒక పాత్ర భావోద్వేగాన్ని పట్టుకుని కథలోకి దిగే అలవాటున్న ప్రేక్షకుడికి ఇక్కడ పట్టుకొమ్మ దొరకదు. మన ప్రధాన స్రవంతి చిత్రాలు, ముఖ్యంగా రాజమౌళి తీసే తరహావి, ఆ పట్టుకొమ్మను అత్యంత బలంగా అందించేవి. అందువల్లే ఆయనకు పారసైట్ నచ్చలేదని చాలామంది తేల్చేశారు గానీ, ఒక కళాకారుడు తీసే పద్ధతిని బట్టి అతను చూసి ఆనందించగల పద్ధతిని లెక్కగట్టడం తొందరపాటు. ఆయనకు నచ్చలేదు కాబట్టి చిత్రంలో సరుకు లేదనడమూ అంతే తొందరపాటు.

పేదల చిత్రణ గురించిన అభ్యంతరం ఇంకొంచెం బరువైనది. పేదవాళ్లను పరాన్నజీవులుగా, అబద్ధాలకోరులుగా, ఒకరినొకరు మెట్ల మీది నుంచి తోసుకునేవారిగా చూపడం ఎవరికి మేలు చేస్తుందని ఈ వాదన అడుగుతుంది. దీనికి సమాధానంగా, శ్రమ విషయంలో ధనికులూ పరాన్నజీవులేననీ, పేరు రెండు వైపులా వర్తిస్తుందనీ దర్శకుడే చెప్పారు. గిన్నెలు కడగడానికి, కారు నడపడానికి, పిల్లలకు చదువు చెప్పడానికి పార్క్‌లు ఇతరుల మీదే ఆధారపడతారు. ఈ సమాధానం తెర మీద ఉన్నదే గానీ, తెర మీద దాని బరువు కిమ్‌ల మోసాల బరువుకు సమానంగా ఉందా అన్నది చర్చనీయమే. పార్క్ దంపతులు చేసే తప్పులు ఒక చూపు, ఒక ముక్కు చిట్లింపు. కిమ్‌లు చేసేవి ఫోర్జరీ, కుట్ర, హత్య. చివర్లో రహస్య గది మనిషి వాసనకు పార్క్ ముక్కు మూసుకోవడం, అది చూసిన కి-టేక్ కత్తి దింపడం వీటి మధ్య దూరాన్ని కొందరు ప్రేక్షకులు దాటలేకపోయారు. అంతవరకు పోగైన అవమానాలను లెక్కవేసుకుంటూ వచ్చినవారికి అది అనివార్యంగా తోచింది. లెక్కవేయనివారికి ఉన్నట్టుండి జరిగినట్టు తోచింది.

ప్రతీకల విషయం త్వరగా ముగించవచ్చు. మెట్లు ఎక్కడం, దిగడం, స్నేహితుడు బహూకరించిన రాయి, కిటికీలోంచి కనిపించే ప్రపంచం; ఇవన్నీ మరీ బాహాటంగా ఉన్నాయని కొందరు విమర్శిస్తారు. కి-వూ స్వయంగా ఆ రాయిని చూసి ఇది ఎంతో ప్రతీకాత్మకంగా ఉందని అనడం ద్వారా చిత్రం ఆ విమర్శను ముందే నవ్వులాటగా మార్చుకుంది. తెలివైన ఎత్తే అయినా, ముందే ఒప్పుకున్నంత మాత్రాన లోపం లోపం కాకుండా పోదు.

సబ్‌టైటిల్ దాటి రానివి

2020 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ అందుకుంటూ బాంగ్ జూన్-హో, అంగుళం ఎత్తు సబ్‌టైటిల్ గోడను దాటితే ఎన్నో గొప్ప చిత్రాలు కనిపిస్తాయని అన్నారు. మాట నిజమే. అయితే గోడ దాటాక కూడా కొన్ని వస్తువులు అవతలే ఉండిపోతాయి, హాస్యం వాటిలో మొదటిది.

అందరికీ విడివిడిగా తెలిసిన నూడుల్స్ రకాలు రెండింటిని కలిపి కొరియాలో వండుకునే చవక వంటకానికి, ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో కొత్త పేరు కల్పించవలసి వచ్చింది. ఆ చవక నూడుల్స్ మీద ఖరీదైన దేశవాళీ గొడ్డు మాంసం వేయించుకోవడంలోని వెటకారం కొరియన్ వంటింటికి వెంటనే తెలుస్తుంది, మనకు వివరిస్తే గాని తెలియదు. రహస్య గదిలోని భర్త తైవాన్ తరహా కేకుల దుకాణం పెట్టి అప్పులపాలయ్యానంటాడు. ఆ కేకుల దుకాణాలు కొరియాలో పుట్టగొడుగుల్లా వెలిసి అంతే వేగంగా మూతపడిన వ్యాపారమని అక్కడివారికి గుర్తుంటుంది. ఆ ఒక్క మాటతో అతని జాతకమంతా అర్థమై చేదుగా నవ్వు వస్తుంది. మూన్-గ్వాంగ్ ఉత్తర కొరియా టీవీ వార్తలు చదివే మహిళ గొంతును అనుకరించడం కూడా ఇలాంటిదే.

తెలుగువారి నష్టంలో ఒక విచిత్రం ఉంది. కొరియన్‌లో మర్యాద స్థాయిలు క్రియల్లోనే పలుకుతాయి. ఎవరు ఎవరితో ఏ స్థాయిలో మాట్లాడుతున్నారన్నది ఈ కథకు ప్రాణం. ‘నువ్వు’, ‘మీరు’, ‘అండి’ ఉన్న తెలుగులో దాన్ని చక్కగా పట్టుకోవచ్చు. కానీ మనలో చాలామంది చదివింది ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే సంబోధన కాబట్టి, రెండు మర్యాదల భాషల మధ్య ఉన్న సహజమైన వంతెన ఆ మధ్యవర్తి వద్ద కూలిపోయింది. యజమాని మర్యాద వెనకాల గీసిన గీతను విని పోల్చుకోవలసిన చోట, మనం చదివి ఊహించుకోవలసి వచ్చింది.

కొరియాలో కోటి మందికి పైగా ఈ చిత్రాన్ని థియేటర్లలో చూశారు. దేశ జనాభా సుమారు 5 కోట్లు అనుకుంటే, దాదాపు ఐదుగురిలో ఒకరు. అక్కడ అది జనరంజక చిత్రం; ఇక్కడికి వచ్చేసరికి ‘ఆస్కార్ సినిమా’. ఆ హోదాతో చూడటం మొదలుపెట్టినవారు నవ్వడానికి కాదు, పరీక్ష రాయడానికి కూర్చున్నట్టు కూర్చుంటారు.

‘99 శాతం’ దేన్ని కొలుస్తుంది?

సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్‌లో ఈ చిత్రానికి 99 శాతం ఉంది. అంత శాతం వచ్చినది తనకు నచ్చకపోతే తనలోనే ఏదో లోపం ఉందని ప్రేక్షకుడు అనుకోవడం సహజం. అయితే ఆ అంకె ఎంత బాగుందో చెప్పదు, ఎంతమంది విమర్శకులు బాగుందన్నారో మాత్రమే చెబుతుంది. ఒక లెక్క చూద్దాం. మొదటి చిత్రాన్ని 100 మంది విమర్శకులు చూసి, అందరూ ‘ఫరవాలేదు, చూడవచ్చు’ అని 5కు 3 వేశారనుకుందాం. అందరిదీ అనుకూల సమీక్షే కనుక దానికి 100 శాతం. రెండో చిత్రానికి 70 మంది 5కు 5 వేసి, 30 మంది 2 వేశారు. దానికి 70 శాతమే. సగటు మాత్రం మొదటిదానికి 3, రెండోదానికి 4.1. శాతం ఎక్కువ ఉన్నది సగటు ఇష్టంలో వెనకబడింది. పారసైట్ విషయంలో శాతంతోపాటు సగటు కూడా ఎక్కువే, కాబట్టి ఈ లెక్క దాని ప్రశంసను కొట్టివేయదు. శాతాన్ని సగటు ప్రేక్షకుడి ఇష్టంగా చదవకూడదని మాత్రమే చూపుతుంది.

బహుమతుల లెక్కలూ ఇలాంటివే. కేన్స్ చలనచిత్రోత్సవంలో 2019లో తొమ్మిదిమంది జ్యూరీ ఏకగ్రీవంగా అత్యున్నత బహుమతి పామ్ డోర్ ఇచ్చింది; తొమ్మిదిమంది అభిరుచి కలవడం విశేషమే, కానీ వారు తొమ్మిదిమందే, దాదాపు అందరూ చలనచిత్రమే వృత్తిగా ఉన్నవారు. ఆస్కార్ ఉత్తమ చిత్రానికి ఓటరు చిత్రాలను తన ఇష్టక్రమంలో రాస్తాడు. ఏ చిత్రానికీ సగానికి మించి మొదటి స్థానాలు రాకపోతే, అన్నింటికన్నా తక్కువ వచ్చినదాన్ని తొలగించి, ఆ ఓట్లను తర్వాతి ఇష్టానికి బదిలీ చేస్తారు. 100 మంది ఓటర్లలో ఒక చిత్రానికి 40, రెండోదానికి 35, మూడోదానికి 25 వచ్చాయనుకుందాం. మూడోది పోతుంది, దాని 25లో 20 మంది రెండోదాన్ని, 5గురు మొదటిదాన్ని తర్వాతి ఇష్టంగా రాసి ఉంటే, 55 ఓట్లతో రెండోదే గెలుస్తుంది. పారసైట్ ఇలాగే గెలిచిందని చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే అకాడమీ ఓట్ల సంఖ్యలను బయటపెట్టదు. గెలవడానికి అందరికీ ప్రాణప్రదం కావలసిన అవసరం లేదన్నదే ఇక్కడ గమనించవలసిన సంగతి.

చూసి నచ్చకపోవడం, చూడకుండా నచ్చకపోవడం

2020 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కొలరాడో సభలో ఒక దక్షిణ కొరియా చిత్రానికి ఆస్కార్ ఏమిటని ఎద్దేవా చేశారు. అది బాగుందో లేదో తనకు తెలియదని కూడా ఆ నోటితోనే అన్నారు. అదే నెలలో ఒక తమిళ నిర్మాత, 1999లో వచ్చిన తన చిత్రంలోని ఆలోచననే ఇందులో వాడుకున్నారని ఆరోపించారు. ఒకటి బహుమతి మీద కినుక, మరొకటి హక్కు గురించిన వివాదం. చిత్రం నచ్చకపోవడంతో ఈ రెండింటికీ సంబంధం లేదు గానీ, చర్చలో అన్నీ ఒకే బుట్టలో పడ్డాయి. రాజమౌళి మాట విషయంలో జరిగిన గందరగోళానికి ఇదీ ఒక కారణమే.

‘నాకు’ అనే విభక్తి చేసే పని

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1790లో రుచికీ సౌందర్యానికీ మధ్య ఒక గీత గీశాడు. ఫలానా ద్రాక్షసారా బాగుందని ఒకడు అంటే, ‘నీకు బాగుంది అను’ అని ఎవరైనా సరిదిద్దితే అతను ఒప్పుకుంటాడు. అదే ఒక కట్టడమో కవితో అందంగా ఉందని అన్నవాడు ‘నాకు మాత్రమే’ అని చేర్చడానికి ఒప్పుకోడు. ఇతరులూ ఒప్పుకోవాలని అతని మాటలోనే ఒక డిమాండు ఉంటుంది.

తెలుగు ఈ గీతను వ్యాకరణంలోనే గీసుకుంది. ‘నచ్చింది’ అనగానే ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది. ‘కు’ విభక్తి లేకుండా ఆ క్రియ నిలవదు. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అనడం దాని గురించే. ‘బాగుంది’ అనే మాటకు మాత్రం ఎవరికి అన్నది తప్పనిసరి కాదు. అది వస్తువు గురించిన వాక్యం, కారణాలు అడిగితే చూపించవలసిన వాక్యం. దీన్నిబట్టి నాలుగు వాక్యాలు సాధ్యమవుతాయి. ‘బాగుంది, నచ్చింది’ అన్నది ఒకటి, ‘బాగాలేదు, నచ్చలేదు’ అన్నది మరొకటి. ఈ రెండింటితో పేచీ లేదు. ‘అంత బాగా తీసింది కాదుగానీ నాకు నచ్చింది’ అనడానికీ ఎవరూ వెనుకాడరు, చిన్నప్పుడు చూసిన సినిమాల గురించి అందరం అనేదే. నాలుగోది, ‘బాగుంది కానీ నాకు నచ్చలేదు’ అన్నది మాత్రం నోరు దాటడానికి ఇబ్బందిపడుతుంది, వినేవారికి తప్పించుకునే మాటలా వినిపిస్తుంది.

పీచ్ నూగు ఘట్టంలో నవ్వని ఆ రెండో ప్రేక్షకుడు చెప్పగలిగిన అత్యంత కచ్చితమైన వాక్యం అదే. అల్లిక ఎంత నేర్పైనదో అతను చూశాడు, ఆ నేర్పు ఏ పనికి ఉపయోగపడిందో అదీ చూశాడు. కాంట్ ప్రకారం మొదటిదాని మీద అతను మనతో వాదించాలి, రెండోదాని మీద వాదించనక్కరలేదు. అయితే ఇక్కడ కాంట్ గీత కూడా కొంచెం చెరుగుతుంది. ఒక పనిమనిషి కష్టం చూసి నవ్వలేకపోవడం ద్రాక్షసారా రుచి లాంటి సొంత వ్యవహారమా, లేక ఇతరులూ ఒప్పుకోవాలని డిమాండు చేయగల నైతిక తీర్పా? డార్క్ కామెడీ విషయంలో ఈ రెండూ ఎప్పుడూ పూర్తిగా విడిపోవు. అందుకే ఈ తరహా చిత్రాల మీద జరిగే వాదనలు ప్రేమకథల మీదా యుద్ధ చిత్రాల మీదా జరిగే వాటికన్నా త్వరగా వ్యక్తిగతమవుతాయి. నవ్వినవాడు తనను క్రూరుడన్నట్టు, నవ్వనివాడు తనను మొద్దన్నట్టు భావిస్తాడు.

వాన మారితే సన్నివేశమూ మారుతుంది

చిత్రంలో వానరాత్రి కిమ్‌లు కొండ మీది ఇంటి నుంచి అంతులేని మెట్లు దిగి తమ ఇంటికి చేరేసరికి, ఆ ఇల్లు మురుగునీటిలో మునిగి ఉంటుంది. కి-జంగ్ పైకి ఎగజిమ్ముతున్న మరుగుదొడ్డి మూత మీద కూర్చుని, పైకప్పులో దాచిన సిగరెట్టు తీసి ముట్టిస్తుంది. ఆ రాత్రి వాళ్లు జిమ్‌లో నేల మీద పడుకుంటారు. తెల్లవారాక యజమానురాలు కి-టేక్ నడుపుతున్న కారులో కూర్చుని, వాన వల్ల గాలి శుభ్రపడిందనీ, ఎంత మేలైందోననీ ఫోనులో మురిసిపోతుంది. 2019లో చాలా థియేటర్లలో ఈ రెండు సన్నివేశాలకూ నవ్వులు వినిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. అవి నవ్వు కోసమే, నవ్వుతూనే ఉలిక్కిపడటం కోసమే అలా తీసినవి.

2022 ఆగస్టులో సోల్‌లో కుండపోత వర్షాలు కురిసి, అలాంటి సగం నేలమాళిగ ఇంట్లోకి నీరు చొరబడి, బయటికి రాలేక ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు మరణించారు. అలాంటి ఇళ్లను క్రమంగా లేకుండా చేస్తామని నగర ప్రభుత్వం ఆ తర్వాత ప్రకటించింది. ప్రపంచమంతటా వార్తాపత్రికలు ఆ ఇళ్లను వివరించడానికి పారసైట్ పేరునే వాడుకున్నాయి. ఆ వార్త చదివాక చిత్రాన్ని మళ్లీ చూసిన ప్రేక్షకుడికి మరుగుదొడ్డి మూత మీద సిగరెట్టు ముందులా కనిపించదు. మొదటిసారి నవ్వినవారిలో కొందరికి ఇప్పుడు నవ్వు రాదు. మొదటిసారి అతిగా ఉందని విసుక్కున్నవారిలో కొందరికి ఇప్పుడది అతిగా అనిపించదు. ఆ రెండు చూపులకూ మధ్య తెర మీది బొమ్మలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు.